ఊరికొక్కడే గ్రహీత

కొంగలేరు రెండోసారి ఊళ్ళోకొచ్చిన ఏడు అది.

మొదటిసారి వచ్చినప్పుడు రేవుపేటలో రైసుమిల్లు గోడ దాకా వచ్చి, గోడని చూసి వెనక్కి పోయింది. రెండోసారి గోడని లెక్కచెయ్యలేదు. మిల్లులో బస్తాలన్నీ తడిపింది. ఏటికవతల చినలంకలో కొన్నిళ్ళకి కప్పులు తీసేసింది, కొన్నిళ్ళకి గోడలు తీసేసింది. పోతూ పోతూ అబ్బులు దోనెల్లో ఒకదాన్ని వెంటబెట్టుకుపోయింది.

అబ్బులు రేవు నడిపే మనిషి. అతనికి రెండు తాటిదోనెలు. తాడిచెట్టు మొదలు కోసి, లోపలంతా తొలిచేస్తే దోనె. ఒక్క దోనె నీళ్ళ మీద ఉంటే ఒంటిచక్రం బండి లాంటిది. అలవాటైనవాడు ఒక్కడే నిలబడగలడు, రెండోవాడు ఎక్కితే ఇద్దరూ ఏట్లోకే. రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి వెదుళ్ళతో బిగించి కడితే మాత్రం పెళ్ళివారు ఎక్కినా కదలదు. ఆ జంట మీదే చినలంక వాళ్ళు సంతకీ ఆసుపత్రికీ మిల్లు పనికీ వచ్చేవారు. ఇప్పుడు ఆనకట్ట మీదుగా చుట్టూ తిరిగి రావాలి. పొద్దున్న బయల్దేరితే సంత అయిపోయేవేళకి చేరతారు.

పంచాయతీవారు కబురు చేశారు. కార్తీక పున్నమి లోపల రేవు నడిస్తే సరి, నడవకపోతే రేవు పాట ఇంకొకరికి. అబ్బులుకి వేరే పని రాదు. చేతిలో గడ లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు. మాటలు తక్కువ. ఆ లోటు పెళ్ళాం సూరమ్మ తీరుస్తుంది.

దోనెకి కావలసింది ఒక తాడి, కొన్ని రోజుల పని. తాడి కూడా దొరికింది. పొరుగింటి పేరంటాలు మొగుడు పోయి ఒక్కతే ఉంటుంది. ఆవిడ దొడ్లో ఉన్న ముసలి తాడి వరదకి వేళ్ళతో సహా ఒరిగిపోయింది.

"ఒరే అబ్బులూ, ఆ తాడి మొదలు సూసేవా? నీ నడుంకి మూడింతలుంది. అట్టుకెళ్ళి తొలుసుకో" అంది పేరంటాలు.

"ఏం ఇమ్మంటావు?"

"ఏటిచ్చేది! నేను సచ్చేదాకా ఏరు దాటించు. సచ్చేక కూడా దాటిస్తే నీ పుణ్యం."

బేరం అయిపోయింది. మర్నాడు గొడ్డలి నూరుకుని వెళ్దామనుకున్నాడు అబ్బులు. మర్నాడు చినలంకకి దాతల క్లబ్బు వచ్చింది.

రేవుపేట దాతల క్లబ్బు పాతదే. మిల్లు యజమాని దొరబాబు దానికి అధ్యక్షుడు. రిటైరైన లక్ష్మీపతి మేష్టారు కార్యదర్శి. ఎన్నేళ్ళనించో ఏడాదికోసారి ఆసుపత్రిలో రోగులకి అరటిపళ్ళు పంచి ఫొటో దిగి ఇళ్ళకి పోయేవారు. ఎవరికీ బాధ లేదు. అరటిపళ్ళకి రోగులు కూడా అలవాటు పడ్డారు.

ఆ ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పైన అంటే మండల మహాదాత గారి దగ్గర్నుంచి. అన్ని ఊళ్ళ దాతల క్లబ్బులకీ ఆయన పెద్ద. క్లబ్బు అనేది రెండు కాళ్ళ మీద నడుస్తుందని, ఒక కాలు సభ్యత్వమని, రెండో కాలు సమర్పణమని, రెండూ నెలనెలా పెరగాలని ఆయన రాశారు. కాళ్ళు నెలనెలా పెరిగితే మనిషి ఏమవుతాడో ఆయన రాయలేదు. అన్నిటికన్నా ఎక్కువ పెరిగిన క్లబ్బుకి షీల్డు ఇస్తారు. దాని అధ్యక్షుణ్ణి మహాసభలో మహాదాత పక్క కుర్చీలో కూర్చోబెడతారు. దొరబాబుకి మిల్లులో కుర్చీలు బోలెడున్నాయి. ఆయన కూర్చోనివి కూడా ఉన్నాయి. అయినా ఆ కుర్చీ కోసం ఆయనకి నిద్ర పట్టలేదు.

చినలంకకి మిల్లు పడవలో బియ్యం మూటలూ దుప్పట్లూ వచ్చాయి. బ్యానరు వచ్చింది. ఫొటో తీసేవాడు వచ్చాడు. జనం వరసలో నిలబడ్డారు. అందరికన్నా ముందు పేరంటాలు.

దొరబాబు గొంతు సవరించుకున్నాడు. "ముందు సభ్యత్వం, తరవాత సాయం. మేష్టారూ, కానివ్వండి."

లక్ష్మీపతి మేష్టారు ఒక బ్యాడ్జీ తీసి పేరంటాలు రవిక మీద గుచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పేరంటాలు పెళ్ళిలో కూడా అన్ని చప్పట్లు వినలేదు. "నేటి నుండి మీరు దాత పేరంటాలు!" అన్నాడు మేష్టారు.

ఆవిడ రెండు చేతులూ చాపింది. మేష్టారు బియ్యం మూటని వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేంటమ్మా! తొమ్మిదో నిబంధన. సభ్యుడు ఇచ్చువాడే గాని పుచ్చుకొనువాడు కాడు."

"మరి ఆ బియ్యం ఎవరికి బాబూ?"

"పుచ్చుకొనువారికి."

"నేను పుచ్చుకోటానికే వచ్చేను గదా?"

"అది మీరు దాత కాకముందు. అప్పటి సంగతి ఇప్పుడెందుకు?"

వెనకున్నవాళ్ళకి ఈ మాటలు వినపడలేదు. చప్పట్లే వినపడ్డాయి. విన్నవాళ్ళలో మిల్లులో పనిచేసేవాళ్ళున్నారు. దొరబాబు వాళ్ళ వైపు ఒకసారి చూసేసరికి ఛాతీలు వాటంతటవే ముందుకొచ్చాయి. మధ్యాహ్నానికి చినలంకంతా దాతలైపోయింది. కొత్త దాతలు మొదటి సమర్పణం చెయ్యాలని పద్ధతి. ఏటి పాలు కాకుండా మిగిలినవేవో తెచ్చి ఇచ్చారు. బియ్యంతో వచ్చిన పడవ బియ్యం, సొరకాయలు, ఒక కోడిపుంజుతో తిరుగుప్రయాణానికి సిద్ధమైంది.

వరసలో ఆఖరివాడు అబ్బులు. మేష్టారు బ్యాడ్జీ పట్టుకుని అతని ఛాతీ వైపు చూసి ఆగిపోయాడు. ఒట్టి ఛాతీ.

"చొక్కా ఏదోయ్?"

"లేదండి."

"వరదలో పోయిందా?"

"ఎప్పుడూ లేదండి."

బ్యాడ్జీ ఎడమ రొమ్మున, వస్త్రం మీద ధరించాలని నిబంధన. తువ్వాలు వస్త్రమే గాని అది నెత్తి మీదుంది. దొరబాబుకి విసుగొచ్చింది. "ఒక చొక్కా పారెయ్యండయ్యా వీడికి!" అన్నాడు. పడవలో చొక్కా ఉంది. దొరబాబు స్వహస్తాలతో అందించాడు. ఫొటోవాడు అలవాటు కొద్దీ ఫొటో తీశాడు. మేష్టారు నెత్తి కొట్టుకున్నాడు.

"అధ్యక్షా! ఎంత పని చేశారు! పుచ్చుకున్నాడు!"

"పుచ్చుకుంటే?"

"పదమూడో నిబంధన. సేవ పుచ్చుకున్నవాడు ఏడాది పాటు సభ్యుడు కారాదు."

"అయితే వెనక్కి లాక్కోండి."

"లాక్కుంటే మన సమర్పణం ఒకటి తగ్గుతుంది."

తగ్గడమనే మాట వినేసరికి దొరబాబు మొహం మాడిపోయింది. అలా చినలంకలో ఒకే ఒక్కడు దాత కాకుండా మిగిలాడు. అబ్బులు చొక్కా తొడుక్కుని, గొడ్డలి భుజాన వేసుకుని, తాడి కొట్టుకుందామని పేరంటాలు దొడ్లోకి నడిచాడు.

పడవ ఎక్కబోతున్న మేష్టారు గొడ్డలి చప్పుడు విని పరిగెత్తుకొచ్చాడు.

"ఆపు! దాత పేరంటాలూ, ఏమిటిది?"

"తాడి ఇచ్చేనండి, ఆడి దోనెకి."

"ఎవర్నడిగి ఇచ్చావు?"

"నా తాడి నేనెవర్నడుగుతాను?"

"నువ్వు దాతవమ్మా! దాతలు వాళ్ళంతట వాళ్ళు ఇచ్చేసుకుంటే క్లబ్బెందుకు? అది చిల్లర దానం. చిల్లర దానం నిషిద్ధం. నువ్వు క్లబ్బుకివ్వాలి, క్లబ్బు అతనికిస్తుంది."

"ఎలా ఇస్తేనేం, ఆడికే గదా" అంది పేరంటాలు.

"అతనికే. పద్ధతి ప్రకారం."

తాడి మొదలు కోయించారు. దానికి పూలదండ వేశారు. ఫొటో అయ్యింది. మిల్లు కూలీలు దాన్ని ఏట్లోకి దొర్లించి, పడవకి కట్టి, రేవుపేట తీసుకెళ్ళి మిల్లు ఆవరణలో పడేశారు. అబ్బులు గట్టు మీద నిలబడి చూశాడు. తన ఇంటి వెనక పడి ఉన్న తాడి, తనకి సాయంగా, ఏరు దాటి వెళ్ళిపోయింది.

తరవాతి వారం అబ్బులు ఒంటి దోనె మీద ఏరు దాటి మిల్లుకెళ్ళాడు.

"తాడి కోసం వచ్చేనండి."

"నీకే అబ్బులూ, నీకే" అన్నాడు మేష్టారు. "కాకపోతే పద్దు తేలాలి. మనవి అయిదు పద్దులు. కళ్ళు, చలి, ఆకలి, అవిటితనం, చదువు. దోనె వీటిలో ఎందులోకొస్తుంది?"

అబ్బులు ఆలోచించాడు. "ఏట్లోకొత్తాదండి" అన్నాడు.

"ఏరు పద్దు లేదు. దీని మీద ఉపసంఘం వేశాం. తాటిమొద్దు ఉపసంఘం. అది తేల్చేదాకా ఈ దుప్పటి పుచ్చుకో."

భాద్రపదం వచ్చేసరికి రేవుపేట కూడా దాతలతో నిండిపోయింది. సభ్యుడు ఇద్దర్ని చేర్చాలి, ఆ ఇద్దరూ నలుగుర్ని చేర్చాలి. మంగలి గడ్డం సగం గీసి బ్యాడ్జీ తీసేవాడు. గడ్డం సగంతో వీధిలోకి పోవడం కన్నా దాత అవడం సుఖం. డాక్టరుగారు నాడి పట్టుకుని వదిలేవాడు కాదు. ముష్టివాళ్ళు ముందే చేరిపోయారు. పాపం, వాళ్ళు ఇచ్చేవాళ్ళయ్యాక వాళ్ళకి ముష్టి వేసేవాడు లేకుండా పోయాడు.

ఇప్పుడు ఊరంతా ఇచ్చేవాళ్ళే. నెలనెలా ఇవ్వాలి. పోయిన నెలకన్నా ఎక్కువ ఇవ్వాలి. పుచ్చుకునేవాడు ఒక్కడు.

అబ్బులు పొద్దున్నే లేచి పుచ్చుకోటానికి వెళ్ళేవాడు. వెళ్ళకపోతే మిల్లు పడవ వచ్చి ఎక్కించుకుపోయేది. సోమవారం కళ్ళ శిబిరం. ఎంతోమంది డాక్టర్లు, ఒక్క జత కళ్ళు. ఏటి మధ్యనుంచి అవతలి గట్టు మీద కొంగ కాళ్ళు లెక్కపెట్టగల కళ్ళు అవి. వాటికి అద్దాలిచ్చారు. పెట్టుకుంటే మెట్టు కనపడక పడ్డాడు. పడినందుకు దొరబాబు ఎంతో సంతోషించాడు. అవిటివాళ్ళ పద్దు అప్పటిదాకా ఖాళీగా ఉందట. మూడు చక్రాల బండి తెప్పించి దాన్లో కూర్చోబెట్టాడు.

"నాకు కాళ్ళు బానే ఉన్నాయండి" అన్నాడు అబ్బులు.

"ఉంటే ఉన్నాయిలే, ఫొటోలో కనపడవు" అన్నాడు దొరబాబు, అతని మోకాళ్ళ మీద దుప్పటి కప్పుతూ.

ఆ తరవాత రక్తదానం. ఊరంతా వరసగా పడుకుని రక్తమిచ్చింది. ఎవరికిస్తున్నారో ఆఖర్న తేలింది. డాక్టరు అబ్బులుని పరీక్షించి, ఇతనికి రక్తం నిండుగా ఉంది, ఇంక పట్టదు అన్నాడు. దొరబాబు అబ్బులుని పక్కకి తీసుకెళ్ళాడు.

"ఏవయ్యా, ఇంతమంది ఇస్తున్నారు. ఎక్కడన్నా కాస్త దెబ్బ తగిలించుకోరాదూ? చిన్నదే."

"తాడి ఎక్కడిదాకా వచ్చిందండి?" అన్నాడు అబ్బులు.

"ఉపసంఘం కూర్చుంటోంది."

అబ్బులు గుడిసెలో మనుషులకి చోటు లేదు. నాలుగు కుట్టుమిషన్లు, పలకలు, కళ్ళద్దాలు, పప్పుగుత్తులు. చూరు దాకా దుప్పట్లు. సూరమ్మ వాకిట్లో వంట చేస్తోంది.

"దాతలట దాతలు! అడిగింది ఇయ్యరు, ఇచ్చింది అక్కర్లేదు! ఇన్ని దుప్పట్లు ఏట్లో పరిస్తే నడిచెళ్ళిపోవచ్చు. ఎందుకెళ్తావయ్యా రోజూ?"

"తాడి వాళ్ళ దగ్గరుంది" అన్నాడు అబ్బులు.

అదొక్కటే కారణం. కొత్త తాడి ఎక్కడన్నా అడుగుదామంటే చుట్టుపక్కల తాళ్ళన్నీ దాతలవే. ఇవ్వాలంటే క్లబ్బుకే ఇవ్వాలి. సొంతంగా ఏదన్నా పని చూసుకుందామంటే పుచ్చుకోటానికే పొద్దు చాలడం లేదు.

ఆశ్వీజంలో చలి మొదలైంది. కప్పులు లేని ఇళ్ళలో దాతలు వణుకుతున్నారు. సూరమ్మ ఊరుకోలేదు. దుప్పట్లన్నీ ఇంటింటికీ పంచేసింది. రెండు రాత్రులు చినలంక వెచ్చగా పడుకుంది. మూడోరోజు మేష్టారు తనిఖీకి వచ్చాడు. పేరంటాలు దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చునుంది.

"దాత పేరంటాలూ! నీ ఒంటి మీద అదేమిటి?"

"దుప్పటండి."

"ఎందుకు?"

"సలేస్తేనండి."

"దాతలకి చలేమిటమ్మా! పుచ్చుకున్నావా?"

"సూరమ్మ కప్పింది. నేను పుచ్చుకోలేదు, కళ్ళు మూసుకున్నాను."

మేష్టారు ఇంటింటికీ తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ ఒక దుప్పటి, దాని కింద ఒక దాత. విచారణ జరిగింది. శిక్ష పడింది. ఎవరి దుప్పటి వాళ్ళు క్లబ్బుకి సమర్పించాలి. సమర్పించారు. క్లబ్బు ఆ దుప్పట్లన్నీ ఏం చేస్తుంది? గ్రహీతకి ఇస్తుంది. గ్రహీత ఎవరు? అబ్బులు. అబ్బులు ఇంటికొచ్చిన దుప్పట్లని సూరమ్మ మళ్ళీ పంచింది. మేష్టారు మళ్ళీ పట్టుకున్నాడు.

మూడోసారి పట్టుకున్నాక మేష్టారు తిట్టడం మానేసి ఆలోచనలో పడ్డాడు. ఆ పూట దొరబాబు దగ్గరకి పరిగెత్తాడు.

"అధ్యక్షా, గమనించారా? దుప్పటి ఇస్తున్నాం. అది తిరిగి వస్తోంది. వచ్చినప్పుడు దాతల సమర్పణం. వెళ్ళినప్పుడు క్లబ్బు సమర్పణం. కొత్తగా ఒక్క దుప్పటీ కొనకుండా లెక్క పెరిగిపోతోంది."

దొరబాబు కుర్చీలోంచి లేచాడు. మిల్లు పెట్టినప్పటినుంచీ ఆయన ధాన్యం ఆడిస్తున్నాడు. లోపల వేసింది వేసినట్టే బయటికొచ్చి, రెండింతలుగా లెక్కకొచ్చే మిల్లు ఆయన ఎప్పుడూ చూడలేదు. "దీన్ని ఆపకండి" అన్నాడు.

ఆ రోజునుంచి సూరమ్మని ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ పంచేది, మేష్టారు పట్టుకునేవాడు, అబ్బులు మోసుకొచ్చేవాడు. దుప్పట్లు చిరుగుపట్టాయి గాని సమర్పణం కొండెక్కింది. పక్క ఊరి క్లబ్బువాళ్ళకి ఈ సంగతి తెలిసింది. వాళ్ళ ఊళ్ళో కూడా అందరూ దాతలైపోయి, ఇవ్వడానికి మనిషి దొరక్క వాళ్ళు అలమటిస్తున్నారు. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, అబ్బులుని ఆదివారం ఒక్కపూట అరువిమ్మని అడిగారు.

"మీ గ్రహీతని మీరు చూసుకోవాలి" అన్నాడు దొరబాబు. "ఉన్న ఒక్కణ్ణీ మేం జాగ్రత్తగా కాపాడుకుంటున్నాం."

నాగులచవితికి మహాదాత గారు వస్తున్నారని తెలిసింది. ఊరు అలికారు. తాటిమొద్దు ఉపసంఘం ఆ వేడిలో కూర్చుని, లేచింది. పద్దు తేల్చింది. అబ్బులు కబురు విని ఆత్రంగా ఏరు దాటాడు.

రేవు గట్టున గొయ్యి తవ్వి ఉంది. మిల్లు కూలీలు తాడి మొదలుని నిలువునా దాన్లోకి దింపుతున్నారు. దానికి తెల్లరంగు పూశారు. ఏటికి వరద కొలత రాయి ఉన్నట్టు, దాని మీద పైదాకా ఎర్ర గీతలు గీశారు. ఒక వైపు సభ్యత్వం, ఒక వైపు సమర్పణం. పైన వృద్ధి స్తంభం అని రాశారు. గీతలు కొన దాకా వెళ్ళాయి.

అబ్బులు దొరబాబు ముందు నిలబడ్డాడు.

"అది నా దోనెకండి."

"నీకోసమేనయ్యా నిలబెట్టింది! అడుగున చూడు, ఎవరి బొమ్మ?"

స్తంభం మొదట్లో, మట్టికి జానెడు ఎత్తున, ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపి ఉన్నాడు. మొహం ఎవరిదైనా అయ్యుండొచ్చు.

"పున్నమి దగ్గరకొచ్చేసిందండి" అన్నాడు అబ్బులు. "రేవు పోద్ది."

"మహాదాత గారితో చెబుతాను. రేపు నీకు ఆయన చేత్తోనే ఇప్పిస్తాను."

"దోనె?"

"ఏదో ఒకటి."

మర్నాడు సాయంత్రం రేవులో సభ. షామియానా వేశారు. చినలంక దాతలంతా తెల్లవారుతూనే బయల్దేరి ఆనకట్ట చుట్టూ నడిచొచ్చారు. మహాదాత గారు బొద్దుగా, మెత్తగా, నిండా దండలతో ఉన్నారు. స్తంభాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నారు.

"దాతృ మహాశయులారా! మన మండలంలో క్లబ్బులు నడుస్తున్నాయి, కొన్ని పరిగెడుతున్నాయి, కానీ రేవుపేట క్లబ్బు ఎగురుతోంది! ఈ ఊళ్ళో సభ్యులు కానివారు ఎందరున్నారని కార్యదర్శిగారిని అడిగాను. ఒక్కడున్నాడన్నారు. ఆ ఒక్కడూ ఎందుకున్నాడు? ఆ ఒక్కడూ దాత అయితే మీది సంపూర్ణ దాతృ గ్రామం! అట్టి గ్రామం భూప్రపంచంలో ఇంకెక్కడుంది?"

దొరబాబు మొహం వెలిగింది, వెంటనే ఆరింది. ఆయన మేష్టారు చెవిలో గొణిగాడు. "వీడూ చేరిపోతే ఇవ్వడానికి ఎవడుంటాడు?"

"ఈ పూటకి కుర్చీ చూసుకోండి అధ్యక్షా" అన్నాడు మేష్టారు.

"పదమూడో నిబంధనో? ఇంతకాలం పుచ్చుకున్నాడు కదా?"

మేష్టారు చిరునవ్వు నవ్వాడు. "మన రికార్డులో ఇచ్చినట్టుంది. పుచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. పైవాళ్ళు ఆ లెక్క అడగలేదు, మనం రాయలేదు. రాయనిది ఎలా పుచ్చుకుంటాడు?"

అబ్బులుని వేదిక మీదకి పిలిచారు. మహాదాత గారు ముందు గ్రహీతకి సమర్పణం చేశారు. దుప్పటి ఒకటి కప్పారు. దానికి పేరంటాలు పొయ్యి పొగ వాసన ఇంకా పోలేదు. తరవాత అదే చేత్తో బ్యాడ్జీ గుచ్చారు. దుప్పటి అడ్డమొస్తే తీసి పక్కన పెట్టారు. చప్పట్లు మోగాయి.

"దాత అబ్బులు!" అన్నారు మహాదాత గారు మైకులో. "ఇంతకాలం చాపిన చెయ్యి నేడు చాచి ఇచ్చే చెయ్యి అయింది! దాత అబ్బులూ, మీ తొలి సమర్పణం ఏమిటి?"

అబ్బులు జనం వైపు చూశాడు. ఏరు వైపు చూశాడు. గుడిసెలో ఉన్నవన్నీ క్లబ్బు ఇచ్చినవే, అవి తిరిగి ఇస్తే లెక్కలోకి వస్తాయేమో అనుకున్నాడు. మేష్టారు ఈలోపల మైకు అందుకున్నాడు.

"అయ్యా, దాత అబ్బులుకి సొంతానికి ఒక దోనె ఉంది. అక్కడ, గట్టుకి కట్టి ఉంది."

"దోనె!" మహాదాత గారు మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. "తన జీవనాధారాన్నే సమర్పిస్తున్న మహానుభావుడు! ఈ దోనెని మా ఇంటి తోటలో పెట్టుకుంటాను. దాన్లో గులాబీలు పెంచుతాను. చూసిన ప్రతిసారీ ఈ ఊరు గుర్తొస్తుంది."

జనంలోంచి సూరమ్మ లేచింది. "బాబూ, ఆ ఒక్కటీ..." అంది. చప్పట్లలో తరవాతి మాటలు పోయాయి. షీల్డు దొరబాబు చేతికొచ్చింది. ఆయన దాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. మహాదాత గారు కారెక్కుతూ, దోనెని పొద్దున్నే పంపమని చెప్పారు.

అబ్బులుని ఎవరూ అడగలేదు. 

పొద్దున్నే లక్ష్మీపతి మేష్టారు మిల్లు లారీ తీసుకుని రేవుకి వచ్చాడు. షామియానా విప్పేశారు. చినలంక వాళ్ళు కొందరు రాత్రి అక్కడే పడుకుని, ఆనకట్ట దారి పట్టడానికి మూటలు కట్టుకుంటున్నారు. స్తంభం కొనకి ఒక తాడు కట్టి ఉంది. మొదట్లో, బొమ్మలో చేతులు చాపిన మనిషి కింద మట్టి నడుం లోతు తవ్వేసి ఉంది. గోతిలో గునపం పట్టుకుని అబ్బులు.

"అబ్బులూ! ఏమిటిది! నేను దోనె కోసం వచ్చాను!"

"నేనూ దోనె కోసమే వచ్చేనండి" అన్నాడు అబ్బులు, తవ్వుతూనే.

"ఇది క్లబ్బు ఆస్తి! ముట్టుకోటానికి నువ్వెవరు?"

"నిన్న సాయంత్రం గుచ్చేరు గదండి. నేనూ క్లబ్బే."

మేష్టారు దీనికి నిబంధన వెతుక్కున్నాడు. తొమ్మిది గుర్తొచ్చింది, పదమూడు గుర్తొచ్చింది, ఇది వాటి మధ్యలో ఎక్కడా లేదు. ఈలోపల గునపం లోతుకి దిగింది. స్తంభం కదిలింది. మెట్ల వైపు వాలింది. మెట్లు రాతివి. మొదలు రాతి మీద పడి పగిలితే అది ఇంక దోనె కాదు, పొయ్యిలోకి కట్టె.

"ఆ తాడు పట్టుకోండి మేష్టారూ" అన్నాడు అబ్బులు గోతిలోంచి. "బురదేపు లాగండి."

చేతిదగ్గరే ఉంది కనక మేష్టారు పట్టుకున్నాడు. రెండు చేతులతోనూ పట్టుకుని లాగాడు. స్తంభం ఆగింది. ఇంకాస్త లాగితే చాలు, ఇటు తిరుగుతుంది. తాడు అరచేతుల్ని కోసేస్తోంది. మేష్టారు ఒకసారి అటూ ఇటూ చూశాడు. మూటలు కట్టుకునేవాళ్ళు తప్ప తనవాళ్ళెవరూ లేరు. తను ఇంత లాగుతున్నట్టు చూసి చెప్పేవాడు ఒక్కడూ లేడు. తాడు వదిలేసి, పంచె దులుపుకుని, లారీ వైపు నడిచాడు.

స్తంభం మళ్ళీ మెట్ల మీదకి ఒరగబోయింది. మూట విసిరేసి పేరంటాలు వచ్చి తాడు పట్టుకుంది. ఆవిడ వెనక సూరమ్మ, ఆవిడ వెనక మిగిలినవాళ్ళు.

"మొదలు సెడగొట్టేరేమో సూడరా" అంది పేరంటాలు, పళ్ళ బిగువున.

"బానే ఉంది" అన్నాడు అబ్బులు.

గట్టుకి కట్టి ఉన్న పాత దోనె పక్కనే తాడి మెత్తగా బురదలోకి ఒరిగింది. అబ్బులు గోతిలోంచి పైకొచ్చి, దోనె తొలిచే బాడిస తీసుకుని, తెల్లరంగు మీద మొదటి దెబ్బ వేశాడు. పున్నమికి ఇంకా పదిరోజులుంది.